గానోడెర్మా క్యాప్సూల్స్: స్టెంట్ ఉన్నవారు వాడొచ్చా? వాడగలిగినవారు ఎంత, ఎలా వాడాలి?

ప్రశ్న: నాన్నగారికి 64 ఏళ్ళు. చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. ఆరు నెలల కిందట స్టెంట్ వేశారు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ నడుస్తున్నాయి. చుట్టాలొకరు గానోడెర్మా క్యాప్సూల్స్, గానోడెర్మా కాఫీ తెచ్చి ఇచ్చారు. మూడు నెలలు వాడితే షుగర్ మాత్రలు అక్కర్లేదంటున్నారు. వాడొచ్చా? వాడితే ఏ రకం, ఎంత?

సమాధానం:

ముందు మీ నాన్నగారి సంగతి తేల్చేస్తాను. ఆయన వాడకూడదు. కాఫీ, క్యాప్సూల్ రెండూ వద్దు. గానోడెర్మా అనేది ఒక పుట్టగొడుగు, విషమేం కాదు గానీ, ఆయన వేసుకుంటున్న మాత్రల మధ్య దానికి చోటు లేదు. ఎందుకో చెప్పాక, ఏ మందులూ వాడని ఆరోగ్యవంతులు ఎలా వాడాలో కూడా రాస్తాను. ఇంట్లో డబ్బా ఉన్నాక ఎవరో ఒకరు మూత తీస్తారు కదా.

స్టెంట్ వేశాక ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి ఇచ్చేది ఆ జాలీ లోపల రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి. రెండూ ప్లేట్‌లెట్ల మీదే పనిచేస్తాయి. గానోడెర్మాలో కూడా ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చేసే పదార్థాలు ఉన్నాయని ప్రయోగశాలలో తేలింది. ఆరోగ్యవంతులకు రోజుకు 1.5 గ్రాముల చొప్పున నాలుగు వారాలు ఇచ్చి చూస్తే రక్తం గడ్డకట్టడంలో తేడా రాలేదన్న మాటా నిజమే, అమ్మేవాళ్ళు దీన్నే చూపిస్తారు. కానీ ఆ మనుషులెవరూ రెండు రకాల రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నవాళ్ళు కారు. మీ నాన్నగారి పరిస్థితికి ఆ ఫలితం వర్తించదు.

గ్లిమిపిరైడ్ సంగతి ఇంకోటి. అది ఒంటరిగానే షుగర్‌ని మరీ దించేయగల మాత్ర. భోజనం ఆలస్యమైతే చాలు, చెమటలు, వణుకు, గుండెదడ మొదలవుతాయి. షుగర్ తగ్గిస్తుందని చెప్పి ఇంకోటి దాని పక్కన చేర్చడం ఎందుకు? నిజంగా తగ్గించేదైతే ఆ మేరకు మాత్ర మోతాదు మార్చాలి, అది డాక్టరు చేయాల్సిన పని. తగ్గించనిదైతే డబ్బు దండగ.

అసలు తగ్గిస్తుందా అంటే, చూసినంతవరకు లేదు. ఆస్ట్రేలియాలో టైప్ 2 షుగర్, మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్న 84 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. రోజుకు 3 గ్రాముల గానోడెర్మా, ఒక గుంపుకి దానితోపాటు కార్డిసెప్స్ అనే ఇంకో పుట్టగొడుగు కూడా, ఇంకో గుంపుకి ఉత్తుత్తి క్యాప్సూల్స్. 16 వారాల తర్వాత హెచ్‌బీఏ1సీలో (మూడు నెలల సగటు షుగర్) గానీ, పరగడుపు షుగర్‌లో గానీ తేడా లేదు. అంతకు ముందు ఏడాది, వైద్య పరీక్షలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 398 మంది పాల్గొన్న ఐదు పరీక్షలను కలిపి చూసింది. షుగర్ ఉన్నవారిలో గుండెజబ్బు ముప్పు తగ్గించడానికి దీన్ని వాడమని చెప్పేందుకు ఆధారం లేదని తేల్చింది.

మెట్‌ఫార్మిన్ ఆపేసి మూడు నెలలు ఆగి చూద్దాం అనుకుంటే ఆ మూడు నెలలూ షుగర్ పెరుగుతూనే ఉంటుంది. అసలు భయం ఇంకోటుంది. ఇవాళ 'షుగర్ మాత్రలు అక్కర్లేదు' అన్న నోరే రేపు 'గుండె మాత్రలూ అక్కర్లేదు' అంటుంది. కార్డియాలజిస్టు చెప్పకుండా క్లోపిడోగ్రెల్ ఆపితే స్టెంట్ మూసుకుపోయి గుండెపోటు రావచ్చు. ఇంట్లో అందరికీ ఈ ఒక్క వాక్యం గుర్తుంటే చాలు.

ఇప్పటికే నాలుగు రోజులు వాడేసి ఉంటే కంగారు పడక్కర్లేదు. గానోడెర్మాని ఒక్కసారిగా ఆపినా ఏమీ కాదు, మెల్లగా తగ్గించాల్సిన పని లేదు. విరేచనం నల్లగా తారులా రావడం, పళ్ళు తోముతుంటే చిగుళ్ళు కారడం, దెబ్బ తగలకుండానే ఒంటి మీద నల్లమచ్చలు కనిపించడం లాంటివి ఉంటే మాత్రం అదే రోజు డాక్టరుకి చూపించండి. వెళ్ళేటప్పుడు డబ్బా పట్టుకెళ్ళండి. 'ఏదో ఆయుర్వేదం మందు' అని నోటితో చెబితే డాక్టరుకి ఏమీ అర్థం కాదు.

ఆయుర్వేదం అన్న మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, ఈ పుట్టగొడుగు సంప్రదాయం మనది కాదు. మన పాత వైద్యగ్రంథాలు పుట్టగొడుగుల విషయంలో అంత ఉత్సాహం చూపలేదు. చరక సంహిత సూత్రస్థానంలో, సర్పచ్ఛత్రకం అనే ఒక్క రకం తప్ప మిగతా గొడుగు జాతులన్నీ చలవ చేసేవి, అరగడానికి బరువైనవి, పడిశం తెచ్చేవి అని ఉంటుంది. డబ్బా మీద 'వేల ఏళ్ళ ఆయుర్వేద రహస్యం' అని గానోడెర్మా బొమ్మ వేస్తే, రాసినవాడికి ఆయుర్వేదమూ తెలియదు, గానోడెర్మా కూడా తెలియదు.

దీని సొంత ఊరు చైనా. అక్కడ లింగ్‌ఝీ అంటారు, జపాన్‌లో రేయిషి. షెన్నాంగ్ పేరు మీద చెలామణి అయ్యే ప్రాచీన చైనా మూలికల గ్రంథంలో ఎరుపు, నలుపు, నీలి, తెలుపు, పసుపు, ఊదా అని ఆరు రంగులుగా చెప్పారు. అడవిలో అరుదుగా దొరికేది కాబట్టి పూర్వం సామాన్యులకు అందేది కాదు. 1970ల నుంచి సాగు పెరిగాకే మామూలు జనం చేతికొచ్చింది. ఇప్పటి చైనా ఫార్మకోపియాలో, అంటే అధికారిక మందుల గ్రంథంలో కూడా ఉంది. అక్కడ రాసిన ఉపయోగాలు చూడండి: మనసు నిలకడ లేకపోవడం, నిద్రపట్టకపోవడం, గుండెదడ, ఊపిరితిత్తుల బలహీనత వల్ల దగ్గు, ఆయాసం, నీరసం, ఆకలి మందగించడం. అంతే. అందులో షుగర్ లేదు, బీపీ లేదు, కేన్సర్ లేదు. సంప్రదాయం పేరు చెప్పి అమ్మేవాళ్ళు ఆ సంప్రదాయం చెప్పిన పనులు వదిలేసి, చెప్పని పనులకు అమ్ముతున్నారు.

మోతాదు దగ్గర ఇంకా పెద్ద తేడా ఉంది. ఫార్మకోపియా చెప్పేది ఎండు పుట్టగొడుగు రోజుకు 6 నుంచి 12 గ్రాములు, అదీ కషాయం కాచి. ఇక్కడ మామూలుగా దొరికే క్యాప్సూల్‌లో ఉత్త పొడి అయితే ఓ 300 మిల్లీగ్రాములు పడుతుంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అంటే 0.6 గ్రాము. కనీస మోతాదులో పదోవంతు. ఆ మోతాదు చేరాలంటే రోజుకు 20 క్యాప్సూల్స్ మింగాలి. గానోడెర్మా కాఫీ అయితే ఇంకా ఘోరం. ఒక ప్యాకెట్‌లో ఎన్ని మిల్లీగ్రాములు ఉందో రాయకపోతే చాలా తక్కువ ఉందనే లెక్కేసుకోండి. అది క్రీమరు, పంచదార కలిపి వచ్చే త్రీ ఇన్ వన్ రకమైతే షుగర్ ఉన్న మనిషికి షుగర్ తగ్గడానికని రోజూ పంచదార తాగిస్తున్నట్టే.

పొడికీ సారానికీ తేడా తెలిస్తే లేబుల్ చదవడం వచ్చేస్తుంది. ఈ పుట్టగొడుగు చెక్కలా గట్టిగా ఉంటుంది, దీని కణాల గోడల్లో ఉండేది కైటిన్, పీతల పెంకులో, పురుగుల పెంకులో ఉండే పదార్థమే. మన పేగులు దాన్ని సరిగా అరిగించుకోలేవు. పొడి చేసి మింగితే లోపలి సరుకు చాలావరకు విడుదల కాకుండానే బయటికి పోతుంది. బీటా గ్లూకాన్లనే పాలీశాకరైడ్లు వేడినీళ్ళలో చాలాసేపు మరిగితేనే దిగుతాయి. చేదునిచ్చే ట్రైటెర్పీన్లు నీళ్ళలో కొద్దిగానే దిగుతాయి, వాటికి ఆల్కహాలు కావాలి. అందుకే మంచి తయారీదారులు రెండు రకాలుగానూ సారం తీసి కలుపుతారు, దాన్నే డ్యూయల్ ఎక్స్‌ట్రాక్ట్ అంటారు. ఎక్స్‌ట్రాక్ట్ 10:1 అంటే పది కిలోల ఎండు పుట్టగొడుగు నుంచి కిలో సారం తీశారని అర్థం. 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్ అయితే లెక్కప్రకారం 5 గ్రాముల ఎండు సరుకుతో సమానం.

లెక్కప్రకారం అన్నాను. ఆ నిష్పత్తిని ఎవరూ తనిఖీ చేయలేరు, లేబుల్ మీద ఏ అంకె అయినా వేసుకోవచ్చు. అందుకని నిష్పత్తి కంటే బీటా గ్లూకాన్ శాతం ఎంతో చూడండి. 'పాలీశాకరైడ్లు 40 శాతం' అని మాత్రమే రాస్తే మురిసిపోకండి. పిండిపదార్థం కూడా పాలీశాకరైడే, సారం గడ్డకట్టకుండా కలిపే మాల్టోడెక్స్‌ట్రిన్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. బియ్యప్పిండిని పరీక్షకు పంపినా పాలీశాకరైడ్లు దండిగా ఉన్నాయనే వస్తుంది.

ఇక్కడే మైసీలియం సంగతి తెలుసుకోవాలి. పుట్టగొడుగు కాయ రావడానికి ముందు దారాల్లా అల్లుకునేదే మైసీలియం. దాన్ని బియ్యం, ఓట్స్, జొన్నల్లాంటి గింజల మీద పెంచి, గింజల నుంచి వేరుచేయకుండా మొత్తం ఎండబెట్టి పొడి కొట్టి అమ్మే పద్ధతి ఒకటుంది. చవక. అలా వచ్చిన పొడిలో గింజల పిండి చాలా ఉంటుంది, బీటా గ్లూకాన్లు తక్కువ. లేబుల్ మీద 'ఫ్రూటింగ్ బాడీ' అని స్పష్టంగా ఉంటే కాయ వాడారని అర్థం. 'మైసీలియల్ బయోమాస్' అనో, పదార్థాల జాబితాలో బియ్యం, ఓట్స్ అనో కనిపిస్తే సగం డబ్బు ఆ ధాన్యానికే పెడుతున్నారని అర్థం.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. రెండు క్యాప్సూల్స్ విప్పి పొడిని పావుగ్లాసు నీళ్ళలో వేసి రెండు నిమిషాలు మరిగించండి. పూర్తిగా చల్లారనివ్వండి, వేడిగా ఉంటే రంగు రాదు. దాంట్లో గాయాలకు పూసే బెటాడిన్ ఐదారు చుక్కలు వేయండి. నల్లని నీలిరంగుకి తిరిగితే పిండి ఉన్నట్టే. అసలైన కాయ పొడి అయితే బెటాడిన్ గోధుమ రంగే ఉండిపోతుంది. ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. మాల్టోడెక్స్‌ట్రిన్ నీలిరంగు ఇవ్వదు, మహా అయితే ఎర్రటి గోధుమ రంగు వస్తుంది. కాబట్టి రంగు మారితే సరుకు మంచిది కాదని చెప్పగలం గానీ, మారకపోతే మంచిదని చెప్పలేం. ఆ పొడిని నాలుక మీద వేసుకుని చూడటం రెండో పరీక్ష. ఎర్ర గానోడెర్మా చేదుగా ఉంటుంది, గొంతులో కాసేపు నిలిచే చేదు. తియ్యగానో, పిండి రుచిగానో ఉంటే వెనక్కి ఇచ్చేయండి.

అభివృద్ధి చెందిన దేశాల్లో కూడా ఈ గోల లేకపోలేదు. అమెరికాలో దొరికే 19 రేయిషి ఉత్పత్తులను పరీక్షించి 2017లో ఫలితాలు వెల్లడిస్తే, లేబుల్‌కి సరిపోయినవి ఐదే. విదేశం నుంచి బంధువులు పంపారు కాబట్టి మంచిదే అనుకోవడానికి లేదు.

ఇండియాలో కొనేటప్పుడు డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, 'హెల్త్ సప్లిమెంట్', 'మందుగా వాడటానికి కాదు' అన్న వాక్యం ఉండాలి. ఆ చివరి వాక్యం చట్టం పెట్టమన్నదే. ఒకవైపు డబ్బా మీద అది అచ్చేసి ఇంకోవైపు మీటింగుల్లో షుగర్ నయమవుతుందని చెప్పడం కుదరదు. షుగర్, కేన్సర్, బీపీ వంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. మీ చుట్టం ఈ చట్టం పేరు విని ఉండరు. మెల్లగా చెప్పి చూడండి. ఇంకొకటి అడగాల్సింది, ఆ బ్యాచ్‌కి సంబంధించిన ల్యాబ్ రిపోర్టు. పుట్టగొడుగులు తాము పెరిగిన దాంట్లోని సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసాన్ని లాగేసుకుంటాయి. ఆ నాలుగింటి అంకెలూ రిపోర్టులో ఉండాలి, బ్యాచ్ నంబరు డబ్బా మీద ఉన్నదే అయి ఉండాలి. అడిగితే వాట్సాప్‌లో సాక్ష్యాల వీడియోలు పంపేవాళ్ళ దగ్గర కొనకండి.

ఇక ఏ మందులూ వాడని పెద్దవాళ్ళు, నిద్ర సరిగా పట్టక ఒకసారి ప్రయత్నిద్దాం అనుకుంటే, నా ఓటు క్యాప్సూల్‌కి కాదు, కషాయానికే. ఏం తాగుతున్నారో కంటికి కనిపిస్తుంది, రుచి తెలుస్తుంది, మోతాదు త్రాసు మీద తూచుకోవచ్చు.

ఎండు ముక్కలు కొనండి, రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్నవి. మొత్తం కాయ కొంటే ఇంట్లో కోయడం నరకం. కత్తికి లొంగదు. తప్పనిసరైతే ఆవిరి మీద అరగంట మెత్తబడనిచ్చి పీటకత్తితో కోయాలి. మొదటి వారం రోజుకు 3 గ్రాములే. ఏ ఇబ్బందీ లేకపోతే 6 గ్రాములు చేయండి. అక్కడితో ఆగండి, 12 దాకా వెళ్ళాల్సిన అవసరం మామూలు మనిషికి లేదు. ముక్కలను ఒకసారి కడిగి లీటరు నీళ్ళలో గంటసేపు నానబెట్టండి. స్టీలు గిన్నె గానీ మట్టిపాత్ర గానీ వాడండి, అల్యూమినియం వద్దు. పొంగు వచ్చాక సిమ్‌లో పెట్టి, మూత కాస్త వారగా వేసి, గంటన్నర నుంచి రెండు గంటలు కాగనివ్వాలి. రెండు గ్లాసులు, అంటే 400 మిల్లీలీటర్ల దాకా మిగిలితే సరిపోయింది. వడగట్టి, అవే ముక్కల్లో మళ్ళీ అరలీటరు నీళ్ళు పోసి ముప్పావుగంట కాచండి. రెండో కాపులో కూడా సరుకు దిగుతుంది, పారేయకండి. రెండూ కలిపి పొద్దున సగం, సాయంత్రం సగం, తిన్న తర్వాత. ప్రెషర్ కుక్కర్లో అయితే మొదటి కూత తర్వాత మంట తగ్గించి 40 నిమిషాలు. గ్యాసు ఆదా.

చేదు పోవడానికి అల్లం ముక్క, రెండు ఖర్జూరాలు, చివర్లో కాస్త తేనె వేసుకోవచ్చు. అతిమధురం వేయమని చాలామంది చెబుతారు, వద్దు. రోజూ తాగితే బీపీ పెంచుతుంది, పొటాషియం దించుతుంది. టీ బ్యాగులా ఐదు నిమిషాలు ముంచి తాగితే రంగునీళ్ళే. కషాయం ఎర్రటి గోధుమరంగులో, గట్టి చేదుతో రాలేదంటే ముక్కలు పాతబడినవి, లేదా ఒకసారి సారం పిండేసి ఎండబెట్టి మళ్ళీ అమ్మినవి. ఇలాంటి మోసం మార్కెట్లో ఉంది.

కాచినది ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచకండి. ఎండు ముక్కలకు మన వానాకాలం గండం. చెమ్మ తగిలితే తెల్లటి, ఆకుపచ్చటి బూజు పడుతుంది. బూజు పట్టినవి కడిగి ఎండబెట్టి వాడేద్దాం అనుకోకండి, పారేయాల్సిందే. పసుపు కొమ్ములకీ ఎండుమిర్చికీ పట్టే చిన్న గోధుమరంగు పెంకుపురుగు దీనికి మహా ఇష్టంగా పడుతుంది. సూది గుచ్చినట్టు చిల్లులు, అడుగున గోధుమ పొడి కనిపిస్తే అదే. కొన్న రోజే ముక్కలను గాలి దూరని సంచిలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచి, బయటికి తీశాక సంచి విప్పకుండానే గది వేడికి రానిచ్చి, గాజు సీసాలో సిలికా జెల్ పొట్లాలతో మూత బిగించండి. చల్లగా ఉండగానే విప్పితే గాలిలోని తేమ అంతా దాని మీదే చేరుతుంది.

ఆరు వారాలు వాడి చూడండి. నిద్రలో తేడా తెలియకపోతే ఇక తెలియదు, ఆపేయండి. మొదలుపెట్టే ముందు ఒకసారి లివర్ ఫంక్షన్ టెస్టు, క్రియాటినిన్ చేయించుకుని, ఆరు వారాలప్పుడు మళ్ళీ చేయిస్తే మంచిది. అనవసర జాగ్రత్త అనుకోకండి. హాంకాంగ్‌లో, థాయ్‌లాండ్‌లో గానోడెర్మా పొడి వాడినవారికి కాలేయం దెబ్బతిన్న సంగతి వైద్య పత్రికల్లో వచ్చింది. థాయ్‌లాండ్ రోగి బతకలేదు. అరుదైన సంగతులే. అయినా కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఆకలి చచ్చిపోవడం, ఒళ్ళంతా దురద కనిపిస్తే ఆ క్షణమే ఆపి పరీక్ష చేయించుకోవాలి. నోరెండటం, ముక్కు పొడిబారడం, ఒకటి రెండు విరేచనాలు మాత్రం మొదట్లో చాలామందికి మామూలే, మోతాదు తగ్గిస్తే సర్దుకుంటాయి.

ఇక్కడ అమ్మేవాళ్ళ మాట ఒకటి ఉంది: దద్దుర్లు వచ్చినా, విరేచనాలైనా 'ఒంట్లోని విషం బయటికి పోతోంది, మోతాదు పెంచండి' అంటారు. వినకండి. దద్దుర్లు వస్తే అలర్జీ, అంతే. పెంచితే ఊపిరాడని స్థితి దాకా పోవచ్చు.

రక్తం పలచబడే మాత్రలు వాడేవారితోపాటు, కిడ్నీ గానీ లివర్ గానీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని అణిచే మందుల మీద ఉన్నవారు, కీళ్ళవాతం, లూపస్ లాంటి ఆటో ఇమ్యూన్ జబ్బులు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీన్ని ముట్టుకోకూడదు. ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందు ఆపాలి, పన్ను పీకించుకోవడానికి కూడా. కేన్సర్ చికిత్సలో ఉన్నవారు ఆంకాలజిస్టుకి చెప్పకుండా వాడకండి. గానోడెర్మా స్పోర్ (విత్తనాల్లాంటి సన్న రేణువుల) పొడి వాడిన కొందరిలో సీఏ 72-4 అనే ట్యూమర్ మార్కర్ పెరిగి, ఆపగానే దిగిన సందర్భాలు ఉన్నాయి. జబ్బు తిరగబెట్టిందని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోయే పరిస్థితి అది.

కోనసీమ నుంచి ఒకరిద్దరు ఎప్పుడూ అడుగుతుంటారు: మా కొబ్బరి చెట్ల మొదట్లో ఇదే కాస్తోంది, కోసుకుని కాచుకోవచ్చా అని. కొబ్బరిలో గానోడెర్మా తెగులు తెచ్చేది ఈ కుటుంబమే. మొదట్లో ఎర్రటి గోధుమ రంగు బంక కారి, ఆకులు వాలిపోయి, ఆఖర్న కాండం మీద విసనకర్రలా మెరుస్తూ కాయ వస్తుంది. అది కనిపించేసరికి చెట్టు దాదాపు పోయినట్టే. దాన్ని తాగకండి. ఆ చెట్లకు వేరు ద్వారా శిలీంధ్రనాశినులు ఎక్కించి ఉంటారు, మొదలు చుట్టూ బోర్డో మిశ్రమం పోసి ఉంటారు, ఇందాక చెప్పినట్టు పుట్టగొడుగు తన చుట్టూ ఉన్నదంతా పీల్చేస్తుంది. పైగా గానోడెర్మాలో చాలా జాతులున్నాయి. డబ్బాల మీద కనిపించే గానోడెర్మా లూసిడంలోని లూసిడం అన్న పేరే 1781లో ఇంగ్లండ్‌లో దొరికిన దానికి పెట్టింది. చైనావాళ్ళు మందుగా వాడేది వేరే జాతి అని 2012లో గానీ తేల్చి దానికి గానోడెర్మా లింగ్‌ఝీ అని పేరు పెట్టలేదు. శాస్త్రవేత్తలకే అంతకాలం పట్టిన చోట కంటి చూపుతో గుర్తుపట్టడం మన వల్ల కాదు. ఆ కాయను కోసి కాల్చేసి, మిగతా చెట్లకు వేపపిండిలో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని కలిపి వేసుకోండి.

గానోడెర్మా వద్దంటే తర్వాత అమ్మకానికి వచ్చేవి ఇంకో మూడు నాలుగు ఉంటాయి కాబట్టి వాటి గురించి కూడా రెండేసి మాటలు. కార్డిసెప్స్ పేరుతో ఇక్కడ దొరికేది దాదాపు అంతా గదుల్లో బియ్యం మీద పెంచే నారింజరంగు మిలిటారిస్ జాతి. హిమాలయాల్లో 3,500 మీటర్ల పైన గొంగళిపురుగు మీద మొలిచే కీడాజడీ వేరు జాతి. ధార్చూలా, మున్సియారీ వైపు మంచు కరిగాక ఏరేది అదే. మిలిటారిస్ అమ్ముతూ కీడాజడీ కథ చెబితే లేచి వచ్చేయండి. ఇది కూడా షుగర్ మాత్రలతో, రక్తం పలచబడే మాత్రలతో కలపకూడనిదే. లయన్స్ మేన్ మాత్రం కూర వండుకుని తినే పుట్టగొడుగు. జపాన్‌లో జ్ఞాపకశక్తి కాస్త తగ్గిన 50 నుంచి 80 ఏళ్ళ వయసున్న 30 మంది మీద చేసిన పరీక్షలో రోజుకు 3 గ్రాముల పొడి 16 వారాలు ఇస్తే మార్కులు మెరుగయ్యాయి, ఆపిన నాలుగు వారాలకు మళ్ళీ తగ్గాయి. చిన్న పరీక్ష, ఆశ పడటానికి సరిపోతుంది గానీ హామీ ఇవ్వడానికి కాదు. చాగా అనే ఇంకోటైతే షుగర్ వల్ల కిడ్నీలు బలహీనపడ్డవాళ్ళు అసలు తాకకూడదు. దాన్నిండా ఆక్సలేట్లే. జపాన్‌లో 72 ఏళ్ళ ఆవిడ రోజుకు నాలుగైదు చెంచాల చొప్పున ఆరు నెలలు తాగి కిడ్నీలు పోగొట్టుకుంది.

కేన్సర్‌కి జపాన్‌లో పుట్టగొడుగు మందునే ప్రభుత్వం అనుమతించిందని ఒక వాదన వినిపిస్తారు. నిజమే. టర్కీ టెయిల్ అనే పుట్టగొడుగు నుంచి తీసిన క్రెస్టిన్‌కి 1977లో, షిటాకే పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్‌కి 1985లో అనుమతి వచ్చింది. రెండూ శుద్ధిచేసిన మందులు, అక్కడ కీమోతోపాటు ఇచ్చేవారు. లెంటినాన్ అయితే ఇంజెక్షన్. ఇంట్లో మింగే పొడికి ఆ అనుమతి పనికిరాదు.

నాన్నగారికి పుట్టగొడుగులు పెట్టాలనే ఉంటే బజార్లో దొరికే బటన్, ముత్యపు చిప్ప రకాలు వారానికి రెండుసార్లు కూర వండిపెట్టండి. ఆయన మాత్రలతో ఇబ్బంది లేదు, పిండిపదార్థం తక్కువ. వండే ముందు 100 గ్రాముల ముక్కలు కోసి, పళ్ళెంలో పరిచి మధ్యాహ్నం పూట గంటసేపు ఎండలో పెట్టండి. ఎండకి వాటిలో విటమిన్ డి తయారవుతుంది, మనిషికి రోజుకు కావలసినంత దాదాపు వచ్చేస్తుంది. అద్దం కిటికీ వెనక పెడితే రాదు, ఆ కిరణాలను గాజు ఆపేస్తుంది, డాబా మీదే పెట్టాలి. పురుగు వాలకుండా పైన పలుచటి బట్ట కప్పాలనుకుంటే నెట్ లాంటిది కప్పండి, మందపాటి తువ్వాలు కప్పితే ఎండ దిగదు.